ఒక అంగ దూరం

రామలక్ష్మి బాస్కెట్‌బాల్ బంతిని రెండు చేతులతో పొట్టకు అదుముకొని, వీపు వంచి, కదలకుండా నిలబడింది.

అవతలి జట్టు నాయకురాలు ఆమె. ఆధిక్యం ఒకే ఒక్క పాయింటు. అదీ ఆమె జట్టుదే. మిగిలిన కాస్త సమయాన్నీ అలా నిలబడి గడిపేస్తే ఆట ముగిసిపోతుంది.

ఆమెకు ఎదురుగా, చేతులు చాపి, హబీబా.

మైదానం అంచున, సున్నపు గీతకు అవతల, హబీబా తండ్రి దూదేకుల షావలి గొంతుకూర్చుని ఉన్నాడు.

ఆ యేడు వాన లేదు. పత్తి లేదు. పరుపులు కుట్టించుకునేవారూ లేరు. ఇంటిల్లిపాదీ తుంగభద్ర కాలువ పనికి బయలుదేరారు. తల్లీ తమ్ముళ్లూ అప్పటికే స్టేషనులో మూటల మీద కూర్చొని ఉన్నారు.

పై పోటీలకు వెళ్లే పిల్లలకు పరీక్షలు ముగిసేవరకు హాస్టలులో ఉచితంగా భోజనం పెడతామని హెడ్మిస్ట్రెస్ మాట ఇచ్చింది.

"గెలిస్తే ఈడ్నే ఉండి సదువుకో పాపా," అన్నాడు షావలి పొద్దున. "ఓడితే మాతో రైలెక్కు. నిన్ను యాడ ఇడిసిపెట్టేది?"

హబీబాకు నియమం కంఠతా వచ్చు. బంతి పట్టుకున్న పిల్లకు ఒక అంగ దూరంలో నిలబడాలి. తాకరాదు. అలా నిలబడితేనే లెక్క మొదలవుతుంది. రిఫరీ ఐదు లెక్కించేలోగా ఆ పిల్ల బంతిని వదలకపోతే విజిల్ మోగుతుంది. బంతిని ఇద్దరి నడుమ పైకి విసురుతారు.

కానీ రిఫరీ చేయి కదలడం లేదు. లెక్క మొదలే కాలేదు.

"ఏమే హబీబా!" గీత అవతలినుంచి వ్యాయామ ఉపాధ్యాయురాలు యశోదమ్మ అరిచింది. "ఆ పిల్ల ఏమన్నా కరుస్తుందా? దగ్గరికి పో!"

"పోతాండా టీచర్!"

పోయాననే ఆమె నమ్మకం. కాళ్లు మాత్రం ఎడంగానే ఆగిపోయాయి.

పక్కనున్న తన జట్టు పిల్ల తిమ్మక్క పళ్లు నూరింది. "చెలమ కాడ నిలబడినట్ల నిలబడినావేమే! ఈడ ఇసక కూలదులే, పో!"

హబీబా తన పాదాల వంక చూసుకుంది.

ఎండిన వాగులో చెలమ తవ్వి, ఒకరు ముంతతో నీళ్లు తోడుతుంటే, మరొకరు అంచుకు చేరరాదు. చేరితే ఇసుక జారుతుంది. ఊరిన కాసిన్ని నీళ్లూ బురదవుతాయి. నడక నేర్చిన నాటినుంచి ఆమె అలాగే, దూరంగా, తన వంతు కోసం నిలబడింది.

ఒక అడుగు వేసింది. మరొకటి.

రిఫరీ చేయి ఊగింది.

పరాయి పిల్ల ముఖాన్ని ఇంత దగ్గరగా ఆమె ఎన్నడూ చూడలేదు. పగిలిన పెదవి. కనురెప్పల మీద దుమ్ము.

"రోంత జరుగే," రామలక్ష్మి గొణిగింది. "ఊపిరాడల్యా నాకు."

చెలమ దగ్గర ఆ మాట అంటే ఎవరైనా జరుగుతారు. జరగకపోవడం పాపం.

హబీబా మడమ లేచింది.

రిఫరీ చేయి మళ్లీ ఊగింది.

"జరుగే, నీకు పుణ్యముంటాది."

మడమ నేలకు ఆనింది.

"జరగను," అంది హబీబా. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

రిఫరీ చేయి ఐదోసారి ఊగింది. విజిల్ మోగింది.

బంతి ఇద్దరి నడుమ పైకి లేచింది. అంతసేపూ బిగబట్టిన రామలక్ష్మి చేతులు ఆలస్యంగా లేచాయి. హబీబా వేళ్లు తాకిన బంతి తిమ్మక్క చేతుల్లో పడింది. తిమ్మక్క విసిరింది. బంతి రింగు మీద తిరిగి, తిరిగి, లోపలికి జారింది.

ఆట ముగిసింది. పిల్లల కేకలు మిన్నంటాయి.

హబీబా గీత దాటి వచ్చింది. షావలి లేచి నిలబడ్డాడు.

"గెలిచినట్లేనా పాపా?"

"గెలిచినాం నాయనా."

ఆయన మైదానం వైపు ఒకసారి చూశాడు.

"మీయమ్మకు నేను చెప్పుకుంటాలే."

"నాయనా..."

"మొగం తుడుచుకో. అంతా దుమ్మే." తలకు చుట్టుకున్న రుమాలు విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె ముఖం మీదినుంచి రుమాలు తీసేసరికి, ఆయన ఆ ఎండలో వట్టి తలతో స్టేషను దారి పట్టాడు.