గేటు పక్క ఎండ

"మీ కుర్చీ కొంచెం జరుపుతారా? నా తులసికి నీడ పడుతోంది."

ప్లాస్టిక్ కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

కుర్చీ జరిపాడు. అప్పుడు నీడ మందారం మీద పడింది.

"ఇంకొంచెం," అంది హైమ.

ఈసారి కుర్చీ ఎండలోంచి బయటికి వచ్చేసింది. ముసలాయన శాలువా దగ్గరికి లాక్కున్నాడు.

హైమ చూడనట్టే కుండీలో వేలు పెట్టి మట్టి తడి చూసుకుంది.

నిజామాబాద్‌లో ఆ ఏడు చలి ముందే దిగింది.

ఆ అపార్ట్‌మెంటులో హైమది కింది ఫ్లాటు. ఇంట్లోకి వెలుగే రాదు. పొద్దున కాసేపు ఎండ పడేది గేటు పక్క మూల ఒక్కచోటే. రాత్రి వరండాలోకి చేర్చి పాత చీరలు కప్పిన కుండీలన్నిటినీ తెల్లవారాక ఆ మూలకు మోసుకొస్తుంది. నీళ్లు కూడా పొద్దెక్కాకే. అదీ మట్టి పొడిగా తగిలితేనే.

పోయిన చలికాలం ఆమె తులసి నల్లబడి చచ్చిపోయింది.

"తులసమ్మనే కాపాడుకోలేనిదానివి, ఇల్లేం కాపాడుతావు?" అంది అత్తగారు శివపార్వతి, బోధన్ నుంచి వచ్చి, నలుగురి ముందు.

ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. ఈసారి ఒక్క ఆకు కూడా రాలనివ్వకూడదనుకుంది హైమ.

సరిగ్గా ఈ ఏడే దిగాడు ఈ ముసలాయన.

పేరు లింబయ్య. రుద్రూర్‌లో చెరుకు పండించిన మనిషట. భార్య పోయాక, రెండో అంతస్తులో ఉండే కొడుకు వెంకటి దగ్గరికి వచ్చాడు. అంతకుమించి ఆయన గురించి హైమకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

మర్నాడు మళ్లీ కుర్చీ అక్కడే.

"పెద్దాయనా, ఇంట్లో కూర్చోకూడదా?"

"ఇంట్ల సల్లవెడ్తది బిడ్డా. దమ్ము లేస్తది. జరసేపు ఎండకు కూసుంటె పానం నిమ్మళమైతది."

"మీరు ఎక్కడికైనా వెళ్లి కూర్చోవచ్చు. మొక్కలు నడిచి వెళ్లలేవుగా!"

లింబయ్య నవ్వాడు. "గదీ నిజమే."

ఆ నవ్వు హైమకు వెక్కిరింతలా తోచింది.

ఒకరోజు ఆమె నీళ్లు పట్టుకొచ్చేసరికి లింబయ్య వంగి, ఆయాసపడుతూ గులాబీ కుండీని లాగుతున్నాడు.

"ఎవరు ముట్టుకోమన్నారు మిమ్మల్ని?"

"ఎండ జరిగింది బిడ్డా. దీనికి తాకుతలేదని..."

"కుర్చీకి చోటు చేసుకుంటున్నారు, అంతేగా!"

హైమ కుండీని విసురుగా లాక్కుంది. అది చేతిలోంచి జారి పగిలింది. వేళ్లు బయటపడ్డ గులాబీని చూసేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఆమె అరుపులకు పై అంతస్తుల వాళ్లు తొంగిచూశారు. అపార్ట్‌మెంటు బాగోగులు చూసే భోజన్న పరుగున వచ్చాడు.

"ఏమైందమ్మా?"

"ఈయన్ని ఇక్కడ కూర్చోవద్దని చెప్పండి. గేటు దగ్గర మగమనిషి అలా చూస్తూ కూర్చుంటే ఆడవాళ్లు ఎలా తిరుగుతారు?"

ఆ మాట నోటికి ఎలా వచ్చిందో హైమకే తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

భోజన్న తల దించుకున్నాడు. "పెద్దబాపూ, పైకి నడువుండ్రి. మనకెందుకు గీ లొల్లి."

లింబయ్య కుర్చీ ఎత్తుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ పైకి వెళ్లిపోయాడు.

మళ్లీ దిగలేదు.

మూలంతా కుండీలతో నిండింది. తులసి గుబురుగా పెరిగింది. చామంతులు విరగబూశాయి. హైమ ఫొటోలు తీసి అత్తగారికి పంపింది.

చలి ఇంకా తగ్గకముందే ఒక పొద్దున గేటు ముందు అంబులెన్స్ ఆగింది.

"లింబయ్య పోయిండు," అన్నాడు భోజన్న. "దమ్ము ఎక్కువై దవాఖానల ఏసిండ్రు. ఆడనే పాయె. శవాన్ని ఈడ పండవెట్టాలె, జర మీ కుండీలు తియ్యుండ్రి."

హైమ కుండీలు తీసింది.

ఆ పూట ఎండంతా ఆయన మీదే పడింది.

హైమను ఎవరూ ఒక్క మాట అనలేదు. ముసలితనం, పైగా ఇంత చలి, ఎవరేం చేస్తారులే అని ఆమె తనకు తనే చెప్పుకుంది.

ఎండాకాలంలో, అపార్ట్‌మెంటుకు తూర్పున కంపచెట్లు పెరిగిన ఖాళీ జాగాలోకి జేసీబీ వచ్చింది. మళ్లీ చలి మొదలయ్యేసరికి అక్కడ మూడో స్లాబు పడింది.

గేటు పక్క మూల చీకటైపోయింది.

హైమ కుండీలను అటు మార్చింది, ఇటు మార్చింది. మేడ మీద పెడదామంటే నీళ్ల ట్యాంకులు, కేబుల్ తీగలు. తులసి కింది ఆకులు నల్లబడడం మొదలైంది.

మెట్ల దగ్గర వెంకటి ఎదురైతే ఆపింది.

"చూశారా వెంకటిగారూ? ఇంత ఆనించి కడతారా ఎవరైనా? అందరం కలిసి వెళ్లి అడుగుదాం, మీరూ రండి. మనిషన్నవాడెవడూ పక్కవాళ్ల ఎండకు ఇలా అడ్డం కట్టడు. అసలు ఎవరిదండీ ఆ జాగా?"

వెంకటి ఎక్కబోయిన మెట్టు దిగి వచ్చాడు.

"మా బాపుది ఉండె మేడమ్, ఆయన పోయినంక అమ్మినం," అన్నాడు. "పోయిన ఏడు దసరా సంది అమ్ముదమని మేం మొత్తుకున్నం, కొన్నోళ్లు అడ్డం గడితె కింది బిడ్డ చెట్లకు ఎండ రాదని, దవాఖానల పండి గూడ ఒప్పుకోలే."