నల్లచుక్క

"కోడెదూడతో కలిసి పుట్టిన పెయ్య సూడి కట్టదు," అని అత్త ఎనిమిదేళ్లుగా, పిల్లలు కలగని పాపమ్మను దెప్పుతోంది. పాపమ్మ, ఆమె అన్న కవలలు.

మదనపల్లె ఆసుపత్రిలో పాపమ్మకూ మొగుడు బీరప్పకూ బుగ్గల లోపల గీకి పరీక్షకు పంపారు. వారం తర్వాత డాక్టరు బీరప్పనొక్కడినే లోపలికి పిలిచాడు.

"ప్రతి ఆడమనిషి కణాల్లోనూ ఒక క్రోమోజోము ముడుచుకుపోయి నల్లచుక్కలా కనిపిస్తుంది బీరప్పా. మీ ఆమెకుంది, ఆమెకు ఏ లోపమూ లేదు. మగవాళ్లకు ఆ చుక్క ఉండకూడదు. నీకుంది. నీకు బిడ్డలు పుట్టరు."

వరండాలో పాపమ్మ లేచి నిలబడింది. "ఏం చెప్పినాడు?"

"నీ ఒంట్లో నల్లసుక్క ఉండాదంట మే."

పాపమ్మ మళ్లీ కూర్చుంది.

"అత్త మాటే నిజమైపాయ. నా చెల్లెల్ని చేసుకో."

"సరే," అన్నాడు బీరప్ప.