నెమ్మదించిన తుపాను

“నాన్నా, ఈ ఏడు కారు అమ్మేద్దాం” అన్నాడు కొడుకు, ఇన్సూరెన్స్ కాగితం టేబుల్ మీద పెట్టి.

ప్రీమియం కిందటేడాదికి దాదాపు రెట్టింపైంది. కారణాలు కాగితం అడుగున వరసగా ఉన్నాయి. ఫిబ్రవరిలో పాల వ్యాను. మే నెలలో సొంత ఇంటి గేటు. ఆగస్టులో ఎదురింటివాళ్ల స్కూటర్.

“ఆ స్కూటర్ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఏమో!” అన్నాడు తండ్రి.

“అది స్టాండు వేసి ఉంది నాన్నా.”

తండ్రి ముప్పై రెండేళ్లు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. డిపోలో అందరూ ఆయన్ని తుపాను అనేవారు. అది పొగడ్తో తిట్టో ఆయన ఎన్నడూ తేల్చుకోలేదు.

తల్లి స్టవ్ కట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఊరికి ఆ చివర ఆస్పత్రిలో ఆవిడ అక్క నడుం పడిపోయి మంచం మీద ఉంది. నర్సులు తినిపించబోతే మూతి తిప్పుకుంటుంది. వారానికి మూడుసార్లు చెల్లెలు వెళ్తే, ఆ మూడు పూటలూ కడుపునిండా తింటుంది. రెండు బస్సులు మారి వెళ్లేసరికి రోగుల్ని చూడనిచ్చే వేళ కాస్తా దాటిపోతుంది.

“కారు లేకపోతే అక్క పస్తే” అందావిడ.

మర్నాడు తండ్రీకొడుకులు ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్లారు.

“ట్రాకర్ పెట్టించుకుంటే ప్రీమియం తగ్గుతుందటగా?” అని అడిగాడు కొడుకు.

“కారు ఎవరైనా ఎత్తుకుపోతే దొరుకుతుంది కాబట్టి కొంచెం తగ్గిస్తాం” అంది ఆఫీసరమ్మ. “అసలు సంగతి అది కాదు. ఎంత స్పీడు, ఎక్కడ సడన్ బ్రేకు, అన్నీ మాకు తెలిసిపోతాయి. ఆరు నెలలు చూసి, చివరి నెల లెక్కన నూటికి ఇన్నని మార్కులు వేస్తాం. బాగుంటే ప్రీమియం సగానికి దిగుతుంది. బాగోకపోతే ఇంకా పెరుగుతుంది.”

“పెరిగితే అమ్మేయడమే” అన్నాడు కొడుకు, తండ్రి ముఖం వైపు చూడకుండా.

మెకానిక్ వచ్చి స్టీరింగ్ కింద అగ్గిపెట్టెంత పెట్టె బిగించి పోయాడు. ప్రతి శనివారం మార్కులు కొడుకు ఫోనుకు వచ్చేవి.

మొదటి శనివారం ముప్పై ఎనిమిది. రెండో శనివారం ముప్పై ఒకటి.

ఆ రోజు భార్యాభర్తలిద్దరూ మేడ మీద చాలాసేపు మాట్లాడుకున్నారు. కిందికి దిగేటప్పుడు తండ్రి ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. సోమవారం పొద్దున్నే లైసెన్సు పనుందంటూ ఇద్దరూ కలిసి రవాణా ఆఫీసుకు వెళ్లొచ్చారు.

ఆ తర్వాత కారు వింతగా తిరగడం మొదలైంది. మూతపడిన మిల్లు వెనక మైదానంలో గుండ్రంగా, గానుగెద్దులా, రోజూ రెండు గంటలు. ఆ నెలంతా తల్లి అక్క దగ్గరికి వెళ్లింది టాక్సీలో.

“అక్కడేం చేస్తున్నారు?” అన్నాడు కొడుకు, ఫోనులో మ్యాపు చూస్తూ.

“ఓనమాల దగ్గర్నుంచి మొదలుపెట్టాం” అన్నాడు తండ్రి.

కొడుకు ఫోను జేబులో పెట్టేశాడు. ముప్పై రెండేళ్లు స్టీరింగ్ తిప్పిన మనిషి ఈ వయసులో ఓనమాలు దిద్దుతున్నాడు!

మార్కులు మొదట ఇంకా దిగజారాయి. కుదుపులు, ఇంజను ఆగిపోవడాలు. పాత అలవాట్లు అంత తేలిగ్గా పోతాయా అని కొడుకు సర్దిచెప్పుకున్నాడు. తర్వాత యాభై వచ్చింది. అరవై ఎనిమిది. ఎనభై. మూడో నెల నుంచి కారు మళ్లీ ఆస్పత్రి దారి పట్టింది.

తల్లి మాత్రం ఇంటికొస్తూనే కుర్చీలో కూలబడేది.

“పక్కన కూర్చున్నదానికే ఇంత అలసటేంటమ్మా?”

“తుపాను పక్కన కూర్చుని చూడు, తెలుస్తుంది” అనేది, భుజాలు నొక్కుకుంటూ.

ఆరు నెలలు నిండాయి. ఆఫీసుకు ముగ్గురూ వెళ్లారు. కొడుకు పనిలోంచి బైకు మీద, పెద్దవాళ్లిద్దరూ కారులో.

“తొంభై ఆరు!” అంది ఆఫీసరమ్మ. “మా బ్రాంచిలో ఇంతవరకూ ఇన్ని ఎవరికీ రాలేదండీ.”

ఉత్తరం తండ్రి చేతికిచ్చింది. ఆయన దాన్ని అలాగే కొడుకు చేతిలో పెట్టి, “నువ్వు చదువు” అన్నాడు. ప్రీమియం సగానికి దిగింది.

“ఒక్కటే అర్థం కాలేదు” అందామె కంప్యూటర్ చూస్తూ. “వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మీ వీధి చివర ఒక నిమిషం ఆగుతున్నారు. ప్రతిసారీ అంతే. ఎందుకండీ?”

“బస్సు నడిపినవాణ్ణమ్మా. స్టాపు లేకపోతే తోచదు.”

ఆఫీసంతా నవ్వింది.

“ఇంతకీ మీ రహస్యమేంటో చెప్పండి. మిగతావాళ్లకి చెప్పుకుంటాం.”

తండ్రి భార్య వైపు చూశాడు. “మా ఆవిడ” అన్నాడు. “ఆవిడ లేకుండా నేను కారెక్కను.”

తల్లి తల దించుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

బయటికొచ్చాక కొడుకు హెల్మెట్ చేతిలో పట్టుకుని తండ్రి దగ్గరికి వచ్చాడు.

“అమ్మేద్దామన్న మాట మరిచిపో నాన్నా. తప్పయింది” అన్నాడు. తల్లి వైపు తిరిగాడు. “చూశావా అమ్మా, నాన్న ఎంత మారిపోయాడో!”

“చూస్తూనే ఉన్నాను” అందావిడ. “నువ్వు బయల్దేరు. మేమూ ఆస్పత్రికి పోవాలి, అక్క ఎదురుచూస్తూ ఉంటుంది.”

కొడుకు బైకు కనుమరుగయ్యేదాకా ఆగి, తండ్రి తన జేబులోంచి కారు తాళాలు తీసి భార్య చేతిలో పెట్టి, అటువైపు తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు.