డెబ్బయ్యొకటో రోజు

చర్నాకోల నాలుగోసారి కోటేష్ వీపు మీద పడేసరికి రఘురామ్ వాకిట్లోకి వచ్చాడు. స్కూటర్‌కు స్టాండు వేసే తీరిక లేకపోయింది. అది వెనక కంపమీదికి ఒరిగిపోయింది.

"పేరయ్యగారూ! ఆపండి! ఏం పనండీ ఇది?"

కొడుకును గొడ్లచావిడి గుంజకు కట్టేసి కొడుతున్నాడు పేరయ్య. డెబ్బై ఏళ్ల మనిషి. జన్మలో చుక్క ముట్టినవాడు కాడు. దెబ్బ మీద దెబ్బ ఒకేచోట వేస్తున్నాడు. అక్కడ చొక్కా చిరిగి, చర్మం చిట్లి, నెత్తురు నడుందాకా జారింది.

"మీరు జరగండి సార్. నోటితో చెప్పటం మీ వంతు, అయిపోయింది. ఇది నా వంతు."

"డెబ్బై రోజులు నిలబడ్డ మనిషండీ!"

"డెబ్బయ్యొకటో రోజు పడ్డాడుగా! అదిగో, చూడండి!"

కుడితి తొట్టి పక్కన ఖాళీ క్వార్టర్ సీసా పడి ఉంది. ఐదో దెబ్బకు రఘురామ్ అడ్డం వెళ్లాడు. తోలుపట్టీ అతని ముంజేతిని చుట్టుకుని వదిలింది. ఆ మంటలో ఒక్క క్షణం, చర్నాకోల లాక్కుని తనే కోటేష్‌ను బాదాలనిపించింది. ఆ కోరిక అంత సులువుగా వచ్చినందుకు భయపడ్డాడు.

గుంటూరు బ్రాడీపేటలోని ఒక చిన్న మద్యవిముక్తి కేంద్రంలో అతను కౌన్సెలర్. ఆస్పత్రిలో మానినవాడు ఇల్లు చేరాకే మళ్లీ మొదలుపెడతాడు కనక, ఇంటికే వెళ్లి కుటుంబమంతటినీ కూర్చోబెట్టి మాట్లాడాలన్నది ఆ కేంద్రం పద్ధతి. ఆదివారం ఆదివారం పెదనందిపాడు దాటి ఈ ఊరు వస్తాడు. వచ్చినప్పుడల్లా ఒక కాగితం నింపుతాడు. ఆ వారం తాగిన రోజులెన్ని, ఇంట్లో పగిలినవేమిటి.

మొదటివారం ఆ కాగితం చాల్లేదు. నీళ్లకుండలు, గోడ అద్దం, తలుపు రెక్క, గోడలో గొడ్డలి గాట్లు. కోటేష్ భార్య నాంచారమ్మకు మాత్రం మోచేతి దగ్గర కమిలిన మచ్చ ఒక్కటే. "మీరు గట్టి పిండమమ్మా" అన్నాడు రఘురామ్. "ఇలాగే సాగితే ఏదో ఒకరోజు మిమ్మల్ని చంపేస్తాడు. వంద రోజులు మాన్పిద్దాం. వందో రోజు దాటితే మీరు బతికినట్టే."

ఆమె తలూపింది. పది వారాలుగా ఆ కాగితంలో రెండు గళ్లూ సున్నాలే. ఇంట్లో ఒక్క కుండ పగల్లేదు. ఆ కాగితాలను రఘురామ్ కేంద్రంలో అందరికీ చూపించుకున్నాడు.

ఈమధ్య నాంచారమ్మకే రోజులు బాగాలేవు. బోరింగు కొడుతుంటే పిడి తగిలి ముందుపళ్లు రెండు ఊడాయి. పోయిన నెల మిరపకాయల బస్తా మీద పడి ఎడమచెయ్యి విరిగింది. ఆమె చెప్పింది, అతను నమ్మాడు. తాగుడు లేని ఇంట్లో ఇంకేం జరుగుతుంది?

రఘురామ్ కోటేష్ కట్లు విప్పి నులకమంచం మీద కూర్చోబెట్టాడు. "ఎవరు తెచ్చారు కోటేష్?"

"నాకు తెలీదు సార్. మంచం కింద ఉంది. చూశాక ఆగలేకపోయా."

"మంచం కింద ఊట పుట్టిందంట్రా?" పేరయ్య ఉరిమాడు. "చూపియ్యరా, మోటరు బిగిద్దాం! ఊరంతా పారిద్దాం!"

"నా పిల్లల మీద ఒట్టు సార్. నేను తెచ్చింది కాదు. బుర్ర కడిగినట్టుంది, అన్నీ తేటగా కనపడతన్నయ్యని పోయినవారం మీతో అన్లా? మీరు రాసుకున్నారు గూడా."

నిజమే. రాసుకుని, కింద గీత కూడా గీశాడు.

అబద్ధమాడే కళ్లు రఘురామ్‌కు తెలుసు. ఇవి అవి కావు. ఎవరో కావాలనే తెచ్చి పెట్టారు. పేరయ్య చేతిలోంచి చర్నాకోల తీసుకుని చూరులో దోపి, పెరట్లోకి నడిచాడు.

నాంచారమ్మ కళ్లంలో కూర్చుని ఒంటిచేత్తో మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఇంతసేపూ వాకిట్లో జరిగిన గొడవ వినపడనట్టే ఉంది.

"రాత్రి గొడవ చేశాడా అమ్మా?"

"చేశాడండి. రోకలి తీసుకుని మీదికొచ్చాడు. తలుపు ఊడింది. కుండలు పోయినయ్."

"మీకు?"

"నాకేం కాలేదండి."

"దేవుడు చల్లగా చూశాడు" అన్నాడు రఘురామ్. "ఇది బెల్టు షాపు ప్రేమదాసు పనేగా? ఒక్క బేరం పోయినా ఓర్చుకోలేడు. రేపే స్టేషన్లో కంప్లయింటిస్తాను."

"ఆయన్నేం అనబాకండి." ఆమె చెయ్యి ఆగింది. "తెప్పిచ్చింది నేను. మంచం కింద పెట్టిందీ నేనే."

డెబ్బై రోజుల కష్టం. ఇలాంటి భార్యల గురించి రఘురామ్ చదివే ఉన్నాడు. తాగే మనిషిని కనిపెట్టుకుని బతకడమే అలవాటై, అతను బాగుపడితే తమకిక చోటుండదని భయపడతారట. అదే అయి ఉంటుంది. కోపం మింగి, ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"తాగితే మీ మీద చెయ్యెత్తుతాడని తెలీదా అమ్మా?"

"తెలుసండి."

"చంపుతాడేమోనన్న భయం లేదా?"

"ఉందండి. అందుకే."

"అందుకే ఏంటమ్మా?"

నాంచారమ్మ పిండికట్టు చేతిని ఒళ్లోకి జరుపుకుంది. చావిడి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"తాగితే గురి తప్పుద్దండి."