మళ్లీ మళ్లీ మొలిచిన పెన్నీలు

నేల అడుగున పడి ఉన్న నాణెం మీద రాణి ఎటు చూస్తోందో కూడా మిషన్ మోత విని చెప్పగల మనిషి, నార్‌ఫోక్ తీరం మొత్తానికి మా సిరిల్ లార్టర్ ఒక్కడే. ఇది గొప్పలు పోవడం కాదు, పచ్చి నిజం.

సముద్రపు గట్టు పక్కన, యుద్ధం రోజుల్లో పాడుపడిపోయిన గోల్ఫ్ మైదానం అతని రాజ్యం. తెల్లారగానే పొగమంచులో మెటల్ డిటెక్టర్ మిషన్ ఊపుకుంటూ, పాత నాణేలు వెతుక్కుంటూ తిరిగేవాడు.

ఆ అక్టోబరులో ఒక వింత మొదలైంది.

చర్చి వైపు పల్లంలో మిషన్ మోగింది. తవ్వితే విక్టోరియా రాణి పెన్నీ. గుంట పూడ్చి, పైన గడ్డి పెళ్ల ఎప్పటిలాగే సర్ది, కాలితో అదిమాడు.

మర్నాడు అదే గడ్డి పెళ్ల కింద ఇంకో పెన్నీ.

ఆ మర్నాడు జార్జి రాజు షిల్లింగు.

తీసిన చోటే నేల మళ్లీ ఈనుతోంది.

"చచ్చిన గోల్ఫ్ ఆటగాళ్లు పాత పందేలు తీరుస్తున్నారేమో," అంది పబ్బు నడిపే ఐవీ, గ్లాసు తుడుస్తూ.

"నీ మొహం. ఇది నా చెవి మహిమ," అన్నాడు సిరిల్.

మహిమ సంగతి నేనే ఒప్పుకోవాలి. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ చెవి పట్టినవి సీసా మూతలూ, చాక్లెట్ రేకులూ. మొదట నేను చెప్పింది కాస్త ఎక్కువైంది లెండి.

ఆ మంచులోనే ఒక ముసలాయన కనిపించేవాడు. ఊరికి కొత్త. పొడుగాటి కోటు, జేబుల్లో చేతులు. ఎప్పుడు తలెత్తి చూసినా సముద్రానికీ సిరిల్‌కీ మధ్యనే నిలబడి ఉండేవాడు. ఎప్పుడు వచ్చాడో అడుగుల చప్పుడు కూడా వినిపించేది కాదు.

"అబ్బాయ్, ఆ గట్టు వైపు మాత్రం పోకు," అన్నాడొక రోజు. "మందుపాతర ఒకటి ఉండిపోయింది."

"సైన్యం ఎప్పుడో ఏరేసింది కదా పెద్దాయనా."

"ఒకటి దొరకలేదు."

సిరిల్ నవ్వాపుకున్నాడు. మంచి చోటు దొరికాక నాణేలు వెతికేవాడు ఎవడైనా నిజం చెబుతాడా? 'ఆ పొలంలో ఎద్దు పొడుస్తుంది' అని తానే ఎంతమందిని తరిమాడో.

"మీ చోటు మీకే ఉంచుతాను లెండి. మిషన్ ఎక్కడ దాచారు?" అని కన్ను గీటాడు.

ముసలాయన నవ్వలేదు.

"ఇటు దొరుకుతున్నాయి కదా, చాలవూ?"

క్రిస్మస్ దగ్గర పడేసరికి ఆయన కనిపించడం మానేశాడు. నేల కూడా మూగబోయింది. పల్లమంతా జల్లెడ పట్టినా ఒక్క మోత లేదు.

సిరిల్ గట్టు వైపు చూశాడు. అడ్డంగా ఎవరూ లేరు.

అటు నడిచాడు. మంచులో సముద్రం కనిపించలేదు. కింద ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపించింది.

మిషన్ కూసింది. పుట్టి అంత గట్టిగా ఎన్నడూ కూయలేదు.

"కుండెడు ఉంటాయి," అనుకుంటూ మోకాళ్ల మీద కూలబడి చేతి పార దించాడు.

ఇనుము ఇనుముకి తగిలింది. మట్టి తుడిస్తే, పళ్లెమంత గుండ్రటి తుప్పు అంచు.

సిరిల్ పార అక్కడే వదిలేసి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి పాకాడు.

సాయంత్రం సైనికులు వచ్చి దాన్ని పేల్చేశారు. పబ్బు కిటికీ అద్దం రాలింది.

ఐవీ గాజు పెంకులు ఊడుస్తుండగా మిసెస్ డాక్ వచ్చింది. ఊళ్లో గదులు అద్దెకిచ్చే ఆవిడ. చేతిలో జాడీ, జాడీ అడుగున పాత నాణేలు.

"మా గదిలో ఉన్న ముసలాయన పోయాడు. సోమవారం మట్టి చేశాం," అంది. "ఇన్నాళ్లూ తను పాతినట్టే ఇవి రోజూ కాసిన్ని చర్చి వైపు పాతమన్నాడు, మీరంతా గట్టు వైపు పోకుండా. నా మోకాళ్లు వంగవు. మీలో ఎవరైనా పాతుతారా?"

"ఆయనెవరు?" అన్నాడు సిరిల్.

"యుద్ధంలో అక్కడ మందుపాతరలు నాటిన సైనికుడు. తిరిగి ఏరినప్పుడు ఒకటి తక్కువైందట, చెబితే ఎవరూ నమ్మలేదట. మిషన్లవాళ్లు అక్కడ తిరుగుతున్నారని విని, ఈ జాడీ పట్టుకుని వచ్చాడు."

సిరిల్ చెవి గొప్ప పోగా, ఇందులో నేను కల్పించింది పొగమంచు ఒక్కటే. ఆ రోజుల్లో ఎండ బాగానే కాసింది. ఆయన్ని మేమంతా రోజూ చూస్తూనే ఉన్నాం, పేరే అడగలేదు.