మొదటి చెంచా

"ఇది సూపా, గిన్నె కడిగిన నీళ్ళా?"

బారులో చివరి స్టూలు మీద నుంచి వంకల మామ పెట్టిన కేక వంటింటి కిటికీ దాటి పొయ్యి దాకా వెళ్ళింది. బర్గర్లు తింటున్న జంట నమలడం ఆపి, తమ పళ్ళేల కేసి అనుమానంగా చూసుకుంది. బుల్లికి ఒళ్ళు మండిపోయింది.

పొట్టిగా ఉంటుందని ఆమెని అందరూ బుల్లి అంటారు. తిన్న ప్రతిదానికీ వంక పెడతాడు గనక ఆయన వంకల మామ. వీధి మలుపులోని ఆ చిన్న బారులో ఆమెది వడ్డన. ఆయన పని, రోజూ పన్నెండు కొట్టేసరికి వచ్చి కూర్చుని కయ్యానికి కాలు దువ్వడం. నూడుల్సు, ఫ్రైడ్ రైసు, బర్గర్లు, చికెన్ వింగ్సు, అక్కడ దొరికేదేదీ ఆయనకి నచ్చదు. నోరు మూయించడానికి కాబోలు, వంట మాస్టర్ ఏం వండినా ముందు చిన్న గిన్నెలో ఆయనకే పంపేవాడు. ఆయన ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని గిన్నె పక్కకి తోసేవాడు.

"నోట్లో కొరివి పెట్టావేంటయ్యా!"

"సముద్రం తోడి పోశావా ఇందులో?"

ఏమీ అనకుండా చెంచాతో బల్ల మీద రెండుసార్లు కొట్టాడంటే అదే పెద్ద మెప్పు. లోపల మాస్టర్ మాత్రం కిక్కురుమనకుండా బాణలి మళ్ళీ పొయ్యి మీదకెక్కించేవాడు.

"మీకు పౌరుషం లేదా మాస్టర్? ముప్ఫై ఏళ్ళుగా వండుతున్న చేయి మీది! తిరిగి ఒక్క మాట అనరేం?" అని నిలదీసింది బుల్లి.

"పెద్దాయన. అననీలే అమ్మాయ్."

కిందటేడు జ్వరంతో పడి లేచాక మాస్టర్ సగం మనిషయ్యాడు. నడుముకి కట్టుకునే గుడ్డ రెండు చుట్లు వస్తోంది. అందరూ తిన్నాక మిగిలింది ఏదైతే అది, నిలబడే నాలుగు ముద్దలు మింగి, "కడుపు నిండితే చాలు" అనేవాడు. ఆ పూట అలా మింగుతూ పెనం మీద బన్ను సంగతే మరిచిపోయాడు. బుల్లే పరుగెత్తి తీసింది.

"మాడు కంపు వీధిలోకి కొడుతోంది. ఏ లోకంలో ఉన్నారు మాస్టర్?"

"ఈ లోకంలోనేనే తల్లీ. ఇంకెక్కడికి పోతాను?"

ఆ ముసలాయన మాటలే ఈయన్ని ఇలా తినేస్తున్నాయని బుల్లి పళ్ళు నూరుకుంది. తను పనిలో చేరిన మొదటి వారం వేడి సూపు ఒకాయన ఒళ్ళో ఒలకబోస్తే, "అంచు దాకా పోసింది నేనే, తప్పు నాదే" అని బయటికొచ్చి దణ్ణం పెట్టినవాడు మాస్టర్. అప్పట్నుంచీ ఆయన మీద ఈగ వాలినా ఆమె ఊరుకోదు.

బుధవారం ఓనరమ్మ బుల్లిని పక్కకి పిలిచింది.

"రేపు మధ్యాహ్నం పక్క ఆఫీసు వాళ్ళు ఇరవైమంది వస్తున్నారు. ఆ పెద్దాయన అరుపులకి ఉన్న జనమే బెదిరిపోతున్నారు. వంటలో ఏ లోపమూ లేకుండానే అంత గోల చేస్తాడా? రేపు ఒక్కరు పేరు పెట్టినా సరే, మాస్టర్ని పంపించేస్తాను."

బుల్లికి ఆ రాత్రి కునుకు లేదు. మర్నాడు పదకొండున్నరకే వీధి మొదట్లో మామకి ఎదురెళ్ళింది.

"మామా, ఇవాళ్టి నుంచి మా బారుకి రావొద్దు."

"ఏం, బారు నీ పేర రాశారా?"

"నలుగురిలో మాస్టర్ని రోజూ చిన్నబుచ్చుతున్నావు. నీకేం అపకారం చేశాడు?"

మామ ముఖంలో వేళాకోళం పోయింది. "మాస్టర్ రావొద్దన్నాడా?"

బుల్లి తడబడింది. అంతలోనే తేరుకుంది. "ఔను. ఆయనే చెప్పమన్నాడు."

"నిజంగా? ఇవాళ ఇరవైమంది వస్తారని చెప్పాడే!"

"అందుకే వద్దన్నాడు."

"అయితే ఇక నాతో పని లేదన్నమాట. మంచిదే. చాలా మంచిదే తల్లీ," అంటూ మామ వెనక్కి తిరిగాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి, దెబ్బ తగలాల్సిన చోటే తగిలిందనుకుంది బుల్లి.

పన్నెండయ్యింది. చిన్న గిన్నెలో సూపు కిటికీ గట్టు మీదకొచ్చింది.

"మామ వచ్చాడా అమ్మాయ్?"

"రాలేదు. మీరు హాయిగా వండుకోండి."

పది నిమిషాలకి మళ్ళీ అదే ప్రశ్న. మాస్టర్ పొయ్యి మీద పెద్ద గిన్నె ముందు నిలబడి ఉప్పు డబ్బాలో చేయి పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. బయట ఇరవైమంది చెంచాలు పట్టుకుని కూర్చున్నారు. ఓనరమ్మ లోపలికొచ్చి గిన్నెలు తనే బయటికి పంపింది.

మొదటి చెంచాకే ఒకావిడ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. ఎదుటాయన నీళ్ళ కోసం చేయెత్తాడు. సూపు ఉప్పు కషాయం. నూడుల్సులో అసలు ఉప్పే లేదు. ఇరవైమందీ లేచి వెళ్ళిపోయారు.

ఓనరమ్మ అరవలేదు. "ఇక రావొద్దు మాస్టర్" అని మాత్రం అంది.

మాస్టర్ నడుముకున్న గుడ్డ రెండు చుట్లూ విప్పి, మడిచి, బల్ల మీద పెట్టాడు. బుల్లి ఏడుస్తూ లోపలికొచ్చింది.

"మామ లేకపోతే ధైర్యంగా వండుతారనుకున్నాను మాస్టర్! మీరు వద్దన్నారని చెప్పి నేనే వెనక్కి పంపేశాను!"

మాస్టర్ కిటికీ గట్టు మీద చల్లారిపోయిన చిన్న గిన్నె కేసి చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె తల మీద చేయి వేశాడు.

"నీ తప్పు కాదులే, తప్పు నాదే. మామకి తప్ప ఎవరికీ చెప్పలేదు."

"ఏం చెప్పలేదు మాస్టర్?"

"కిందటేటి జ్వరంలోనే నా నాలుకకి రుచి పోయిందమ్మా."