పక్కవీధి పుప్పొడి

"ఈ ఏడూ కాయకపోతే దీన్ని తీసేద్దామమ్మా. ఇక్కడ సోఫా వేసుకోవచ్చు," అంది నిఖిల, పూత నిండిన అవకాడో చెట్టును చూస్తూ.

తల్లి విశాలాక్షమ్మ గబుక్కున చెట్టు కాండం పట్టుకుంది. కెనడాలోని సస్కటూన్ చలి చొరబడని ఆ అద్దాల గదిలో, సలాడ్ చేయగా మిగిలిన గింజ పాతి, పసిబిడ్డలా సాకిన చెట్టాయె. ఆవిడ పుట్టింది కడియం నర్సరీల మధ్య. అంటుకట్టే చెయ్యి ఊరికే ఉంటుందా?

మనవరాలు విద్య అడ్డుపడింది. యూనివర్సిటీలో ఆ పిల్ల చదువంతా అవకాడో పుట్టుపూర్వోత్తరాలే. అందుకోసం మెక్సికోలో మూడేళ్లుండి ఈమధ్యే వచ్చింది. ఒకప్పుడు ఏనుగులంతేసి జంతువులు ఆ పండును గింజతో సహా మింగేవట. అవి అంతరించాక మనుషులే చేరదీసి, కండ ఉన్న కాయల గింజలు ఏరి ఏరి వేల ఏళ్లు నాటుకుంటూ వచ్చారట.

"అయినా గింజ మాట వినదు అమ్మమ్మా. అచ్చం తల్లిచెట్టే కావాలంటే అంటు కట్టాల్సిందే. రకం మారదు."

"మా మామిడీ అంతేలే. మరి దీనికి కాయలెట్లా?"

"వీటిలో రెండు రకాలు. ఒక రకానికి రెండో రకం పుప్పొడి పడితే బాగా కాస్తాయి. పక్కవీధి కమలకుమారి ఆంటీ వాళ్ల చెట్టు రెండో రకం. చెక్ చేశా. సాయి కిరణ్ హెల్ప్ చేస్తానన్నాడు."

"వెళ్లి తేవే తల్లీ," అంది విశాలాక్షమ్మ.

ఆంటీ కొడుకే సాయి కిరణ్. ప్రతి శనివారం విద్య బ్రష్ పట్టుకుని వెళ్లేది, దీపాలు పెట్టే వేళకు వచ్చేది. ఓసారి బ్రష్షే ఇంట్లో మరిచిపోయింది. విశాలాక్షమ్మ దాన్ని డ్రాయర్లో దాచి, పూల మీద పుప్పొడి రాలేలా తనే కొమ్మలు మెల్లగా ఊపి వచ్చింది.

"అంత పుప్పొడి ఎందుకమ్మా?" అని నిఖిల విసుక్కుంటే, "పెద్ద చెట్టు కదే, చాలొద్దూ," అంది.

మంచు కరిగేసరికి కొమ్మల్లో పెసరగింజలంత పిందెలు. ఆ వారమే కమలకుమారి గారు కొడుకును వెంటబెట్టుకుని, పళ్లెంలో పూలు, పండ్లు, చీర పెట్టుకుని వచ్చారు. ఇల్లంతా నవ్వులే. సోఫా మాట ఎవరికీ గుర్తులేదు.

"అంతా ఆ పుప్పొడి చలవే," అంది నిఖిల కళ్లు తుడుచుకుంటూ.

విద్య తల దించుకుంది.

"మరి రెండో రకం కదమ్మా," అంది విశాలాక్షమ్మ, మనవరాలి జడ సవరిస్తూ.

రెండేళ్ల కిందట, ఈ చెట్టు కొమ్మనే అంటుకట్టి కమలకుమారికిచ్చింది ఆవిడే.